ఎలక్ట్రిక్ గిటార్‌కు కొత్త పికప్ ఎంచుకోవడం: లోటు కనిపెట్టడం మొదలు బిగించి సరిచూసుకునే వరకు

విశాఖపట్నంలో గిటార్ కొనాలంటే దుకాణానికి వెళ్ళి నాలుగైదు వాయించి చూసుకోవచ్చు గాని, పికప్ కొనాలంటే ఆ వీలు లేదు. అది చిన్న అట్టపెట్టెలో వస్తుంది, సోల్డర్ చేసి బిగించాకే పలుకుతుంది, వైర్లు కత్తిరించిన తరువాత వెనక్కు తీసుకునేవారు సాధారణంగా ఉండరు. అందుచేత చెవితో తేల్చుకోవలసిన విషయాన్ని మనం చాలావరకు కొలతలతోనూ, ఓపికగా చేసే కొన్ని పరీక్షలతోనూ ముందే తేల్చుకోవాలి. నా దగ్గరకు మరమ్మతుకు వచ్చే వారిలో ఎక్కువమంది మొదట అడిగేది ‘ఏ కంపెనీ పికప్ మంచిది’ అని. నేను ముందుగా అడిగేది మాత్రం ‘ఇప్పుడున్న దానిలో మీకు ఏది తక్కువైంది’ అని. ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి దానికి జవాబు దాదాపు దానంతట అదే దొరుకుతుంది.

పికప్ చేసే పని క్లుప్తంగా ఇది. దానిలోని అయస్కాంతం పైనున్న ఉక్కు తీగకు కూడా అయస్కాంత గుణాన్ని కలిగిస్తుంది. తీగ కంపించినప్పుడు రాగి చుట్ట (కాయిల్) గుండా సాగే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు వల్ల చుట్టలో సన్నని విద్యుత్ సంకేతం పుడుతుంది. అయస్కాంతం, రాగి చుట్ట, వాటికీ తీగకూ మధ్య దూరం: ఇక ముందు చెప్పబోయేదంతా ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది.

మొదటి మెట్టు: లోటుకు పేరు పెట్టడం

పెడళ్ళన్నీ తీసివేసి, గిటార్‌ను నేరుగా ఆంప్‌కు (యాంప్లిఫైయర్‌కు) కలిపి, టోన్ నాబ్ పూర్తిగా తెరిచి, మీకు బాగా వచ్చిన ఒకే భాగాన్ని ఒక్కొక్క పికప్ మీద వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. మరునాడు తాజా చెవితో వినండి. విన్నదాన్ని మామూలు తెలుగు మాటల్లో కాగితం మీద రాయండి: పలచగా ఉంది, మసకగా ఉంది, కీచుగా ఉంది, కింది తీగలు కలగాపులగంగా వినిపిస్తున్నాయి, డిస్టార్షన్ వేస్తే చాలినంత బలం రావడం లేదు, వాయించకుండా ఆపితే గుంయ్‌మనే హమ్ వినిపిస్తోంది. ఈ కాగితం చివరి వరకు మీ దగ్గర ఉండాలి. ‘బాగాలేదు’ అని మాత్రమే రాయగలిగితే పికప్ కొనే సమయం ఇంకా రాలేదని నా అభిప్రాయం.

రెండో మెట్టు: పికప్ తప్పు కానివాటిని పక్కకు తీయడం

ఈ మెట్టు మీద నేను ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే కొత్త పికప్ కోసం వచ్చిన గిటార్లలో చాలా వాటి జబ్బు ఇక్కడే బయటపడుతుంది.

తీగలతో మొదలుపెట్టండి. మన ఊరి ఉప్పు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వేలు జార్చినప్పుడు గరుకుగా తగిలితే ఆ తీగల మీద ఏ పికప్ గురించీ తీర్పు చెప్పకూడదు. కొత్త తీగలు వేసి మళ్ళీ రికార్డు చేయండి. ఒకవేళ మీరు సముద్రతీరంలో వాయించే అలవాటు ఉన్నవారైతే పోల్ పీసులను, అంటే పికప్‌లో ఒక్కో తీగ కింద ఉండే లోహపు కడ్డీలను, భూతద్దంతో చూడండి. విశాఖ నుంచి భీమిలి వరకు తీరపు ఇసుకలో బరువైన నల్లని ఖనిజాలు కలిసి ఉంటాయి, వాటిలో మాగ్నటైట్ అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది. ఒకసారి ఋషికొండ నుంచి తిరిగి వచ్చిన గిటార్‌లో ఆరు పోల్ పీసుల అంచుల వెంట గసగసాల కంటే సన్నని నల్లటి నూగు మొలిచినట్లు కనిపించింది. గుడ్డతో తుడిస్తే అది కాయిల్ వైపు జారుతుంది కనుక, జిగురు టేపును మెల్లగా అద్ది పైకి లాగి తీయాలి.

తరువాత పికప్ ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి పోల్ పీస్ పైభాగం వరకు కొలవండి. మామూలు ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ తరహా సింగిల్ కాయిల్‌కు (ఒకే చుట్ట ఉన్న పికప్‌కు) లావు తీగ వైపు సుమారు 2 మి.మీ., సన్న తీగ వైపు సుమారు 1.6 మి.మీ. మంచి ఆరంభం, హంబకర్‌కు (హమ్ తగ్గించేలా రెండు చుట్టలు కలిపిన పికప్‌కు) నెక్ స్థానంలో, అంటే గిటార్ మెడ వైపు, సుమారు 2.4 మి.మీ., బ్రిడ్జి స్థానంలో, అంటే తీగలు ఒంటి మీద ఆనే చోటు వైపు, సుమారు 1.6 మి.మీ. సరిపోతుంది. పోల్ పీసులే అయస్కాంతాలుగా ఉన్న సింగిల్ కాయిల్ తీగకు మరీ దగ్గరైతే, ఆ లాగుడుకు లావు తీగ పై ఫ్రెట్లలో శ్రుతి తప్పినట్లు ఊగుతుంది. ట్యూనింగ్ ఎంత సరిచేసినా ఆ ఊగు పోదు. పికప్‌ను ఒక మిల్లీమీటరు దించితే పోతుంది.

మూడోది వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగం), కేబుల్. కొంతకాలం క్రితం ఒక చర్చి బృందంలో వాయించే కుర్రాడు గిటార్ తెచ్చి, ‘మాస్టారూ, బ్రిడ్జి హంబకర్ మరీ మసకగా ఉందండీ, మార్చేయండి’ అన్నాడు. వెనుక మూత విప్పి చూస్తే పాట్ వెనుక బీ250కే అని ముద్ర ఉంది, అంటే 250 కిలోఓమ్‌లు. హంబకర్‌కు సాధారణంగా 500 కిలోఓమ్‌ల పాట్ వాడతారు. విలువ తగ్గేకొద్దీ పై స్థాయి స్వరాల మెరుపు కొంత భూమికి జారిపోతుంది. అతడు వాడుతున్న కేబుల్ కూడా పది మీటర్ల పొడవుంది. గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుందనుకుంటే, పది మీటర్లు అంటే వెయ్యి పికోఫారడ్‌ల కెపాసిటర్‌ను పికప్‌కు అడ్డంగా పెట్టినట్లే, అదీ మెరుపును తగ్గిస్తుంది. పాట్ మార్చి, మూడు మీటర్ల కేబుల్ ఇచ్చి వాయించమన్నాను. రెండు కార్డులు వాయించి ఆగి, ‘ఇది పాత పికప్పేనా మాస్టారూ?’ అని అడిగాడు. పాత పికప్పే.

మూడో మెట్టు: గిటార్‌లో ఏది పడుతుందో కొలవడం

పై మూడూ సరిచేసినా కాగితం మీది లోటు మిగిలి ఉంటే, అప్పుడు పికప్ మార్చడం న్యాయమే. కాని ఎంపికకు ముందు స్కేలు తీయాలి. సింగిల్ కాయిల్ గుంటలో మామూలు హంబకర్ పట్టదు. పిక్‌గార్డ్‌నూ (పికప్‌ల చుట్టూ ఉండే పలుచని పలకనూ) కొన్నిసార్లు కొయ్యనూ కోయవలసి వస్తుంది. ఆ కోత వద్దనుకునే వారికి సింగిల్ కాయిల్ పరిమాణంలోనే తయారయ్యే సన్నని హంబకర్లు ఉన్నాయి. అలాగే హంబకర్ గుంటలోనే సరిపోయే పీ-90 (వెడల్పైన సింగిల్ కాయిల్) తరహా పికప్‌లూ దొరుకుతాయి. పికప్ అడుగున ఉండే కాళ్ళ పొడవు, గుంట లోతు కూడా చూసుకోండి; పొడవు కాళ్ళ హంబకర్ తక్కువ లోతు గుంటలో ఆనుకుపోతే ఎత్తు సవరించడానికి వీలుండదు.

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయేది తీగల ఎడం. పికప్ ఉండే చోట మొదటి తీగ మధ్య నుంచి ఆరో తీగ మధ్య వరకు కొలవండి. బ్రిడ్జి హంబకర్లు ప్రధానంగా రెండు ఎడాల్లో వస్తాయి: పాత గిబ్సన్ కొలత సుమారు 49 నుంచి 50 మి.మీ., ఫ్లాయిడ్ రోజ్, ఫెండర్ తరహా బ్రిడ్జిలకు సుమారు 52 నుంచి 53 మి.మీ. నేను ఒకసారి ఈ కొలత తీయకుండా ఒక అమ్మకందారు మాట మీద ఇరుకు ఎడం పికప్ తెప్పించి బిగించాను. అంచు తీగలు రెండూ పోల్ పీసులకు బయటగా కనిపించాయి. శబ్దంలో తేడా నేను భయపడినంత లేదు, కాని సన్న తీగను అంచు వైపు లాగినప్పుడు స్వరం కొద్దిగా బలహీనపడేది.

ఈ చివరి మాట మన సంగీతం వాయించేవారికి మరింత ముఖ్యం. గమకం కోసం తీగను అడ్డంగా బాగా లాగేటప్పుడు అది ఒక పోల్ పీస్‌ను వదిలి, రెండింటి మధ్య ఖాళీ మీదుగా వెళుతుంది. పోల్ పీసులకు బదులు నిలువు ఉక్కు పట్టీ ఉండే రైల్ తరహా పికప్‌లలో ఆ ఖాళీ ఉండదు కనుక లాగుడు పొడవునా స్వరం ఒకే బలంతో వస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ఎంత నిండుగా పలికించారో మనకు తెలిసినదే. గిటార్ మీద ఆ దారిలో నడవాలనుకునే విద్యార్థులకు నేను ముందుగా రైల్ పికప్‌నే సూచిస్తాను.

నాలుగో మెట్టు: రకం, అయస్కాంతం, చుట్టలు

సింగిల్ కాయిల్‌లో స్పష్టత, మెరుపు, తీగను మీటిన క్షణపు పదును ఎక్కువ. హమ్ కూడా ఎక్కువ. 1946లో గిబ్సన్ తెచ్చిన పీ-90 కూడా సింగిల్ కాయిలే అయినా, వెడల్పైన చుట్ట వల్ల మధ్యస్థాయి స్వరాలు నిండుగా, కాస్త గరుకుగా ఉంటాయి. హమ్ బాధను తీర్చడానికి గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిళ్ళను వ్యతిరేక దిశల్లో కలిపి హంబకర్‌ను రూపొందించి 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. అది 1957లో గిటార్లలోకి వచ్చింది, పేటెంట్ 1959లో మంజూరైంది. ‘పేటెంట్‌కు దరఖాస్తు చేయబడినది’ అనే అర్థం వచ్చే ఆంగ్ల పదాల పొడి అక్షరాలే పీఏఎఫ్. నేటికీ మృదువైన పాతకాలపు హంబకర్ కావాలనుకునేవారు ఆ మాటే వాడతారు. బలమైన డిస్టార్షన్ కోసం అమ్మిన తొలి ప్రత్యామ్నాయ పికప్‌లలో డిమార్జియో కంపెనీ 1972లో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ ఒకటి.

అయస్కాంతాల్లో ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిసిన మిశ్రలోహం. ఆల్నికో 2 మెత్తగా పలుకుతుంది, తీగను తక్కువగా లాగుతుంది. ఆల్నికో 5 బలంగా, బిగువైన కింది స్వరాలతో, మెరుపుగా పలుకుతుంది. సిరామిక్ అయస్కాంతం ఇంకా బలమైనది, డిస్టార్షన్‌లో పదునుగా నిలుస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తక్కువ ధర గిటార్ల సింగిల్ కాయిళ్ళలో చాలావాటికి ఉక్కు పోల్ పీసులు, అడుగున అంటించిన సిరామిక్ పట్టీ ఉంటాయి. పిక్‌గార్డ్ తిప్పి చూస్తే ఆ పట్టీ కనిపిస్తుంది. ఆ శబ్దం నచ్చకపోతే అది సిరామిక్ తప్పని అనుకోనవసరం లేదు. చుట్ట మధ్యలోని ఉక్కు కూడా స్వభావాన్ని మారుస్తుంది. అటువంటి గిటార్‌లో ఆల్నికో కడ్డీల సింగిల్ కాయిళ్ళు పెట్టినప్పుడు వచ్చే మార్పు, నా అనుభవంలో, ఖర్చుకు తగినంత స్పష్టంగా వినిపించేదే.

ఇక అంకెలు. అమ్మకందారులు ముందుగా చెప్పేది డీసీ నిరోధం. స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్‌కు ఇది సుమారు 5.5 నుంచి 6.5 కిలోఓమ్‌లు, పీఏఎఫ్ తరహా హంబకర్‌కు 7 నుంచి 9, బలమైన హంబకర్లకు 13 నుంచి 16 వరకు ఉంటుంది. ఒకే తరహా పికప్‌ల మధ్య, ఒకే మందం రాగి తీగ వాడినప్పుడు, ఈ అంకె చుట్టల సంఖ్యకు మంచి సూచన. వేర్వేరు తరహాల మధ్య మాత్రం దీనితో బలాన్ని పోల్చకూడదు, ఎందుకంటే 42 గేజ్ తీగకు బదులు ఇంకా సన్నని 43 గేజ్ వాడితే చుట్టలు పెరగకుండానే నిరోధం పెరుగుతుంది. ఫెండర్ టెలికాస్టర్ గిటార్ నెక్ పికప్‌లో జరిగేది ఇదే: మీటర్ మీద అంకె పెద్దది, శబ్దం మాత్రం సౌమ్యం.

మీ పాత పికప్‌ను కొలవడానికి గిటార్ విప్పనవసరం లేదు. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, అవతలి ప్లగ్ కొనకూ, ఆ ప్లగ్ లోహపు ఒంటికీ మల్టీమీటర్ తగిలిస్తే చాలు. పాట్ సమాంతరంగా ఉంటుంది కనుక 8 కిలోఓమ్‌లు 7.9 దగ్గర చూపిస్తుంది. వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి: రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 8.0 ఉన్న పికప్, మే నెలలో 35 డిగ్రీల గదిలో 8.5 దగ్గర చూపిస్తుంది. కాబట్టి డబ్బా మీది అంకెకూ మీ మీటర్‌కూ ఇంత తేడా వచ్చినంత మాత్రాన మోసపోయామని అనుకోవద్దు.

నేను నిరోధం కంటే ఎక్కువ నమ్మేది ఇండక్టెన్స్‌ను, అంటే కరెంటులో మార్పును చుట్ట అడ్డుకునే గుణాన్ని; చుట్టలు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక పౌనఃపున్యం దగ్గర శబ్దాన్ని ఎత్తి చూపుతాయి, ఆ పైన తగ్గించివేస్తాయి. మొత్తం కెపాసిటెన్స్ 600 పికోఫారడ్‌లు అనుకుంటే, 2.5 హెన్రీల సింగిల్ కాయిల్‌కు ఆ శిఖరం సుమారు 4,100 హెర్ట్జ్ దగ్గర, 4.5 హెన్రీల పీఏఎఫ్ తరహా హంబకర్‌కు సుమారు 3,100 దగ్గర, 8 హెన్రీల బలమైన హంబకర్‌కు సుమారు 2,300 దగ్గర వస్తుంది. చుట్టలు పెరిగేకొద్దీ బలం పెరిగి మెరుపు ఎందుకు తగ్గుతుందో ఈ మూడు అంకెలే చెబుతాయి. మీ కాగితం మీద ‘మసక’ అని ఉంటే ఇంకా బలమైన పికప్ కొనడం రోగాన్ని పెంచడమే. ‘కీచు, పలచన’ అని ఉంటే అదే సరైన మందు కావచ్చు.

ఐదో మెట్టు: హమ్ సంగతి

మన ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. సింగిల్ కాయిల్ ఆ హమ్‌ను యాంటెనాలాగా పట్టుకుంటుంది. పికప్ మార్చే ముందు ఒక సాయంత్రం ఈ పరీక్ష చేయండి: ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ ఉన్న దీపాలు, దగ్గరలోని ఫోన్ ఛార్జర్ ఒక్కొక్కటిగా ఆపుతూ వినండి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఆపగానే జరజరమనే శబ్దం పోతే అది పికప్ లోపం కాదు. తీగలను ముట్టుకున్నప్పుడు శబ్దం తగ్గడం మామూలే. ముట్టుకుంటే పెరిగినా, వేలికి జివ్వుమన్నా వెంటనే ఆంప్ ఆపి ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. జనరేటర్ మీద నడిచే పెళ్ళి ఆర్కెస్ట్రాలలో వాయించేవారు ఈ విషయంలో ఏమాత్రం ఉపేక్షించకూడదు, ఇది ప్రాణానికి సంబంధించినది.

ఇవన్నీ చూశాక కూడా హమ్ మిగిలితే, గుంటలకు రాగి రేకు అతికించి ఎర్త్‌కు కలపడం మొదటి ఉపాయం. అది జరజరను తగ్గిస్తుంది గాని 50 హెర్ట్జ్ గుంయ్‌మనే హమ్‌ను ఆపలేదు. దానికి హంబకర్ గాని, ఒకదానిపై ఒకటిగా రెండు కాయిళ్ళున్న, సింగిల్ కాయిల్ పరిమాణపు నాయిస్‌లెస్ పికప్ గాని కావాలి.

ఆరో మెట్టు: జత కుదర్చడం

తీగ బ్రిడ్జి దగ్గర తక్కువగా, నెక్ వైపు ఎక్కువగా ఊగుతుంది. అందుకే బ్రిడ్జి పికప్‌ను కొంచెం ఎక్కువ చుట్టలతో చేస్తారు. బ్రిడ్జిలో మాత్రమే బలమైనది పెట్టి నెక్‌లో పాతది ఉంచితే స్విచ్ మార్చినప్పుడల్లా వాల్యూమ్ ఎగుడుదిగుడవుతుంది. ఎత్తుతో కొంతవరకే సరిచేయగలం. వేర్వేరు కంపెనీల పికప్‌లను కలిపితే ఫేజ్ తేడా (రెండింటి సంకేతాలు ఎదురెదురై ఒకదాన్నొకటి తగ్గించుకోవడం) రావచ్చు: రెండూ కలిసి మోగినప్పుడు ముక్కుతో పాడినట్లు పలచగా వినిపిస్తే అదే గుర్తు. నాలుగు వైర్ల హంబకర్ అయితే ఒకదాని హాట్ (సంకేతం మోసే), ఎర్త్ వైర్లు తారుమారు చేసి సరిచేయవచ్చు. జాలీ అల్లిక చుట్టిన ఒకే వైరు ఉన్న దానిలో ఆ సౌలభ్యం లేదు. అందుకే ధరలో పెద్ద తేడా లేకపోతే నాలుగు వైర్లదే తీసుకోమంటాను. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు కావాలంటే 9 వోల్టుల బ్యాటరీకి చోటు, సాధారణంగా 25 కిలోఓమ్‌ల పాట్లు అవసరం. వాటిని మామూలు పికప్‌లతో కలపడం తలనొప్పి.

ఏడో మెట్టు: కొనడం, బిగించడం

కొనేటప్పుడు స్థానం, తీగల ఎడం, వైర్ల సంఖ్య మూడూ రాసి అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిపి లెక్కవేసుకోండి. పాట్లు, కెపాసిటర్లు, సోల్డర్ మన ఊళ్ళోనే ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లలో దొరుకుతాయి.

విప్పే ముందు పాత వైరింగ్‌ను ఫోటో తీయండి. తీగలు వదులు చేసి, గిటార్ మీద మందపాటి గుడ్డ కప్పండి. సోల్డర్ చుక్క పడితే ఫినిష్ మీది మచ్చ పోదు. 60/40 రోజిన్ సోల్డర్ వాడండి, ఆమ్లం కలిసిన పేస్టు వద్దు, ముఖ్యంగా ఈ తేమలో అది రాగిని తినేస్తుంది. పాట్ వీపు మీద సోల్డర్ చేయడానికి 40 వాట్లకు తక్కువ కాని సోల్డరింగ్ ఐరన్ ఉంటే రెండు మూడు సెకన్లలో పని అవుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను అరనిమిషం నొక్కిపట్టడమే పాట్‌ను పాడుచేస్తుంది. వైర్ల రంగులు కంపెనీకో తీరు: సీమోర్ డంకన్‌లో నలుపు హాట్, ఆకుపచ్చ ఎర్త్, ఎరుపు తెలుపు కలిపి ముడివేయాలి, డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ ఎర్త్, నలుపు తెలుపు కలపాలి. ఒకదాని పటం చూసి మరొకదాన్ని కలిపితే శబ్దం రాదు, లేదా సగం కాయిలే పలుకుతుంది. మూత బిగించే ముందే కేబుల్ గుచ్చి, ఒక్కో పికప్‌ను ఉక్కు స్క్రూడ్రైవర్‌తో సున్నితంగా తట్టి, స్విచ్ ప్రతి స్థానంలోనూ సరైనదే పలుకుతోందని రూఢి చేసుకోండి.

కొత్త తీగలు వేసి, ఎత్తును పైన చెప్పిన కొలతల నుంచి మొదలుపెట్టి, పావు మలుపు చొప్పున తిప్పుతూ సవరించండి. మొదటి రోజు రికార్డు చేసిన భాగాన్నే, అదే ఆంప్ మీద, అవే నాబ్ స్థానాలతో మళ్ళీ రికార్డు చేసి, ఆ కాగితం పక్కన పెట్టుకుని వినండి. రాసిన లోటు తీరలేదనిపిస్తే వారం పాటు ఎత్తుతోనే పనిచేయండి, వెంటనే మరొకటి కొనవద్దు. తీసిన పాత పికప్‌ను ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్ పొట్లంతో కలిపి మూసి, ఏ గిటార్‌ది, ఏ స్థానానిది, నిరోధం ఎంత అనేవి పైన రాసి భద్రపరచండి.